ప్రాణం పోసే మందు ముందు ఎవరి గడపకు చేరింది?

2025 జులై 10 ఉదయం అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, పెన్ నార్త్ అనే కూడలి దగ్గర మనుషులు ఒకరి తర్వాత ఒకరు కూలిపోయారు. ఆ ఒక్క రోజు ఆ చుట్టుపక్కల నుంచి 27 మందిని ఆసుపత్రులకు తరలించారు. వీధిలో అమ్మిన మత్తుమందులో ఫెంటనిల్‌తో పాటు స్పృహ తప్పించే మరో రసాయనం కూడా కలిసిందని తర్వాత పరీక్షల్లో తేలింది. అంతమంది ఒకేసారి పడిపోయినా చావు వార్త మాత్రం రాలేదు.

పెన్ నార్త్ నల్లజాతి పేదలు బతికే వాడ. 2015లో ఫ్రెడ్డీ గ్రే అనే 25 ఏళ్ల నల్లజాతి యువకుడు పోలీసు కస్టడీలో గాయపడి చనిపోయినప్పుడు నిరసనల మంటలు లేచింది ఈ కూడలిలోనే. ఆ నగరానికి ఇంకో చరిత్ర కూడా ఉంది. ఏ వీధిలో ఏ జాతి మనుషులు ఉండాలో 1910లో చట్టం చేసి మరీ నిర్ణయించిన నగరం అది. అమెరికాలో అలాంటి చట్టం అదే మొదటిది. 1917లో సుప్రీంకోర్టు ఇలాంటి చట్టాలను కొట్టేసింది కానీ గీసిన గీత చెరిగిపోలేదు. ఊరు వేరు, వాడ వేరు అనే మాట మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు కదా.

అలాంటి వాడలో ఆ రోజు చావులు ఎందుకు జరగలేదు? అత్యవసర సిబ్బంది వేగంగా రావడం ఒక కారణం. ఆ వీధుల్లో ముక్కులో కొట్టే ఒక చిన్న స్ప్రే అందుబాటులో ఉండటం, దాన్ని వాడటం తెలిసిన మనుషులు ఉండటం ఇంకో కారణం. ఆ మందు పేరు నాలోక్సోన్. గత రెండేళ్లుగా అమెరికాలో ఓవర్‌డోస్ చావులు తగ్గడం గురించి రాసేవాళ్లందరూ దాని పేరు తలుస్తున్నారు. అది నిజమైన విజయమే. అయితే ఆ విజయాన్ని కులం తెలిసిన కళ్లతో చదివితే ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. మందు ఎప్పటినుంచో ఉంది. అది ఎవరి గడపకు ముందు చేరింది? ఎవరి గడపకు చివర చేరింది?

ఒంటరిగా వాడుకోలేని మందు

ఓపియాయిడ్లు అంటే నల్లమందు జాతి మందులు. గసగసాల కాయ పాల నుంచి వచ్చే నల్లమందు, దాని నుంచి తీసే మార్ఫిన్, హెరాయిన్, నొప్పికి డాక్టర్లు రాసే ఆక్సికోడోన్, ట్రమడాల్, పూర్తిగా ప్రయోగశాలలో తయారయ్యే ఫెంటనిల్, అన్నీ ఒకే కుటుంబం. ఫెంటనిల్ బలం హెరాయిన్‌కు దాదాపు 50 రెట్లు. మోతాదు మించితే ఊపిరి తీసుకోమని మెదడు ఇచ్చే ఆజ్ఞ ఆగిపోతుంది. మనిషి నిద్రపోతున్నట్టే ఉంటాడు, ఊపిరి మాత్రం ఆడదు. పెదవులు నీలంగా మారతాయని కరపత్రాల్లో రాస్తారు. నల్లని చర్మం మీద అది నీలంగా కాదు, బూడిద రంగులో కనిపిస్తుంది. ఎవరి ఒంటిని చూసి వైద్యం రాశారో ఈ చిన్న తేడాలోనే తెలిసిపోతుంది.

నాలోక్సోన్ మెదడులో ఓపియాయిడ్ అతుక్కున్న చోటు నుంచి దాన్ని నెట్టేసి తాను కూర్చుంటుంది. రెండు మూడు నిమిషాల్లో ఊపిరి తిరిగి మొదలవుతుంది. దానికి అలవాటు పడే ప్రమాదం లేదు. ఓపియాయిడ్ తీసుకోని మనిషికి పొరపాటున ఇచ్చినా హాని జరగదు. అయితే దాని ప్రభావం అరగంట నుంచి గంటన్నర వరకే ఉంటుంది. తర్వాత మళ్లీ ఊపిరి ఆగవచ్చు. అందుకే నోటితో ఊపిరి అందించాలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, ఆసుపత్రికి చేర్చాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. నాలోక్సోన్‌ను ఎవరికి వారు వేసుకోలేరు. పడిపోయినవాడికి పక్కన ఇంకో మనిషి ఉండాలి. ఆ మనిషి చేతిలో మందు ఉండాలి. పోలీసులు వస్తారనే భయం లేకుండా ఫోన్ చేయగలగాలి. అంటే ఇది ఒక మందు కథ మాత్రమే కాదు. ఎవరి పక్కన ఎవరు నిలబడతారు, ఎవరిని చూసి రాజ్యం అంబులెన్స్ పంపుతుంది, ఎవరిని చూసి సంకెళ్లు పంపుతుంది అనే కథ.

తగ్గిన అంకె, తగ్గని తేడా

1999 నుంచి 2023 వరకు అమెరికాలో ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌తో చనిపోయినవాళ్లు దాదాపు 8 లక్షల మంది. ఒక మహానగర జనాభా అంత. అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం 2025 మేలో విడుదల చేసిన తాత్కాలిక లెక్కల ప్రకారం 2023లో అన్నిరకాల మత్తుమందుల వల్ల చనిపోయినవాళ్లు దాదాపు 1 లక్షా 10 వేలు. 2024లో ఆ సంఖ్య 80 వేలకు దిగింది. ఒక్క ఏడాదిలో 27 శాతం తగ్గుదల. అందులో ఓపియాయిడ్ల వల్ల పోయినవి 83 వేల నుంచి 55 వేలకు తగ్గాయి. బాల్టిమోర్ ఉన్న మేరీలాండ్ రాష్ట్రంలో 2023లో 2,500 దాటిన చావులు 2024లో 1,600 లోపుకు వచ్చాయి.

ఎందుకు తగ్గాయన్న దానికి ఒకే జవాబు లేదు. నాలోక్సోన్ విస్తృతంగా అందడం, చికిత్స కొంత సులువు కావడం, వీధిలో అమ్మే సరుకు మారడం అని పరిశోధకులు చెబుతున్నారు. చనిపోయే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లలో చాలామంది ఇప్పటికే చనిపోయారన్నది వాళ్లు చెప్పే ఇంకో కారణం. ఆ చివరి మాట చదివినప్పుడు తగ్గుదలను పండగ చేసుకోబుద్ధి కాదు.

జాతి వారీ లెక్క చూద్దాం. 2022లో ప్రతి లక్ష మంది శ్వేతజాతీయుల్లో 35.6 మంది ఓవర్‌డోస్‌తో చనిపోయారు. నల్లజాతీయుల్లో 47.5 మంది. ఆ నేల అసలు వారసులైన ఆదివాసీల్లో 65.2 మంది. 2023లో చావులు తగ్గడం మొదలైనప్పుడు స్పష్టంగా తగ్గింది శ్వేతజాతీయుల్లోనే. మిగతావాళ్లకు తగ్గుదల ఆలస్యంగా వచ్చింది. నది ఎండినప్పుడు చివరి పొలానికి ముందు నీళ్లు ఆగుతాయి, నీళ్లు వచ్చినప్పుడు చివరి పొలానికి చివరగా వస్తాయి. కాలువ కింద బతికినవాళ్లకు ఈ న్యాయం తెలుసు.

మొదట్లో ఈ జబ్బు తెల్లవాళ్లదిగానే కనిపించింది. 1996లో పర్‌డ్యూ ఫార్మా అనే కంపెనీ ఆక్సికాంటిన్ మాత్రను మార్కెట్లోకి తెచ్చింది. అలవాటు పడే ప్రమాదం తక్కువంటూ డాక్టర్లను నమ్మించి అమ్మింది. ఆ మాత్రలు ఎక్కువగా శ్వేతజాతి ప్రాంతాలకు పోయాయి. నల్లజాతి రోగి నొప్పి అంటే డాక్టర్లు నమ్మరు, మాత్రలు రాయరు. వివక్షే అప్పుడు వాళ్లను కొంత కాపాడింది. అలాంటి రక్షణ ఎన్నాళ్లు నిలుస్తుంది? మాత్రల మీద కట్టడి వచ్చాక హెరాయిన్ వచ్చింది, 2013 తర్వాత ఫెంటనిల్ వచ్చింది. 2020లో నల్లజాతి ఓవర్‌డోస్ మరణాల రేటు శ్వేతజాతి రేటును దాటిపోయింది. 1999 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. 2019 నుంచి 2020కి శ్వేతజాతీయుల్లో మరణాల రేటు 22 శాతం పెరిగితే నల్లజాతీయుల్లో 44 శాతం పెరిగింది. ఆ ఏడాది చనిపోయినవాళ్లలో అంతకుముందు ఏదో ఒక చికిత్స పొందిన ఆధారం ఉన్నవాళ్లు శ్వేతజాతీయుల్లో 16.4 శాతం, నల్లజాతీయుల్లో 8.3 శాతం. దాదాపు సగం.

ఒకే జబ్బు, రెండు వాకిళ్లు

ఓవర్‌డోస్ నుంచి లేపడం మొదటి మెట్టు. మళ్లీ పడిపోకుండా చూడటం రెండో మెట్టు. దానికి రెండు మందులు బాగా పనిచేస్తాయని దశాబ్దాలుగా తెలుసు. ఒకటి మెథడోన్, ఇంకొకటి బ్యూప్రెనార్ఫిన్. రెండూ ఓపియాయిడ్లే. రెండూ మనిషిని నిలకడగా ఉంచుతాయి. చావు ప్రమాదాన్ని బాగా తగ్గిస్తాయి. కానీ ఆ రెండు మందులకూ అమెరికా రెండు వేర్వేరు వాకిళ్లు కట్టింది.

మెథడోన్ కోసం ప్రత్యేక క్లినిక్‌కు పోవాలి. తెల్లవారుజామున వరుసలో నిలబడాలి. నర్సు ముందు మందు మింగి చూపించాలి. మూత్ర పరీక్షలు ఇవ్వాలి. చాలామంది ఏళ్ల తరబడి దాదాపు రోజూ ఇదే చేశారు. ఉద్యోగం చేసుకునేవాడు, పిల్లల్ని బడికి పంపే తల్లి ఎలా నిభాయించుకోవాలి? ఈ క్లినిక్‌లు ఎక్కువగా నల్లజాతి, లాటినో పేటల్లో వెలిశాయి. 2000లో కొత్త చట్టం వచ్చింది. బ్యూప్రెనార్ఫిన్‌ను మామూలు డాక్టర్ తన క్లినిక్‌లో రాయొచ్చు, రోగి మందుల షాపులో కొనుక్కుని ఇంటికి పోవచ్చు. మర్యాదైన వాకిలి. కానీ ఆ వాకిలికి బీమా కావాలి, లేదంటే చేతిలో డబ్బు కావాలి. 2012 నుంచి 2015 వరకు డాక్టర్ల దగ్గర జరిగిన సంప్రదింపులను పరిశీలించిన ఒక అధ్యయనం, నల్లజాతి రోగులతో పోలిస్తే శ్వేతజాతి రోగులకు బ్యూప్రెనార్ఫిన్ అందే అవకాశం 35 రెట్లు ఎక్కువని 2019లో తేల్చింది. హెలెనా హాన్సెన్, జూల్స్ నెదర్లాండ్, డేవిడ్ హెర్జ్‌బర్గ్ రాసిన 'వైటవుట్' పుస్తకం ఈ రెండు వాకిళ్ల చరిత్రనే చెబుతుంది.

ఒకే ఊరిలో రెండు గ్లాసులు పెట్టిన దేశం మనది. ఒకే జబ్బుకు రెండు వాకిళ్లు పెట్టిన దేశం అది. టీ ఒకటే, గ్లాసు వేరు. రోగం ఒకటే, వాకిలి వేరు.

అంతకుముందు ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోవాలి. 1980లలో నల్లజాతి వాడల్లోకి క్రాక్ కొకైన్ వచ్చినప్పుడు 1986లో చట్టం తెచ్చారు. 5 గ్రాముల క్రాక్ పట్టుబడితే కనీసం ఐదేళ్ల జైలు. అదే శిక్ష పడాలంటే తెల్లవాళ్లు ఎక్కువగా వాడే పొడి కొకైన్ 500 గ్రాములు ఉండాలి. నూటికి ఒకటి. 2010లో ఆ తేడాను 18కి ఒకటిగా తగ్గించారు, పూర్తిగా తీసేయలేదు. నల్లవాడి మత్తు నేరమైంది. తెల్లవాడి మత్తు జబ్బు అయింది. ఓపియాయిడ్ సంక్షోభాన్ని ప్రజారోగ్య సమస్యగా చూడాలన్న మాటలో తప్పేమీ లేదు. ఆ మాట ముప్పై ఏళ్లు ఆలస్యంగా ఎందుకు వచ్చింది, ఎవరి పిల్లలు చనిపోతున్నప్పుడు వచ్చింది అన్నదే ప్రశ్న.

బాల్టిమోర్ ముసలివాళ్లు

బాల్టిమోర్ దగ్గర మందు లేక కాదు. ఆ నగర ఆరోగ్య శాఖ 2004 నుంచే మత్తుమందు వాడేవాళ్లకు నాలోక్సోన్ ఇచ్చి శిక్షణ ఇచ్చింది. 2015లో అప్పటి ఆరోగ్య కమిషనర్ లియానా వెన్ నగరవాసులందరి పేరిటా ఒకే ప్రిస్క్రిప్షన్ రాసేశారు. ఎవరైనా మందుల షాపుకు పోయి తెచ్చుకోవచ్చు. దేశమంతా మెచ్చుకుంది. అయినా ఆ తర్వాతి ఏళ్లలో అమెరికా పెద్ద నగరాలన్నిటిలోకీ ఎక్కువ ఓవర్‌డోస్ మరణాల రేటు బాల్టిమోర్‌దే. 2024లో స్థానిక పత్రిక 'ది బాల్టిమోర్ బ్యానర్', 'న్యూయార్క్ టైమ్స్' కలిసి చేసిన పరిశోధన ఆరేళ్లలో దాదాపు 6 వేల మంది చనిపోయారని బయటపెట్టింది.

ఆ పరిశోధనలో మరో నిజం బయటపడింది. చనిపోతున్నవాళ్లలో కుర్రాళ్లకన్నా 50ల మధ్య నుంచి 70ల దాకా వయసున్న నల్లజాతి మగవాళ్లు ఎక్కువ. నగర జనాభాలో వాళ్లు 7 శాతం. ఓవర్‌డోస్ చావుల్లో దాదాపు 30 శాతం. ఉక్కు కర్మాగారాలు మూతపడుతున్న కాలంలో పెరిగినవాళ్లు. హెరాయిన్, క్రాక్ వాడల్లోకి వచ్చిన కాలంలో యువకులైనవాళ్లు. జైళ్లు నిండిన కాలంలో లోపలికి పోయి వచ్చినవాళ్లు. ముసలితనంలో ఒంటరిగా చిన్న గదుల్లో, వృద్ధుల కోసం కట్టిన ప్రభుత్వ ఇళ్లలో బతుకుతున్నవాళ్లు. దశాబ్దాలుగా హెరాయిన్ మోతాదు తెలిసిన మనిషికి ఫెంటనిల్ మోతాదు తెలియదు. తలుపు వేసుకుని ఒక్కడే ఉన్నప్పుడు పడిపోతే ముక్కులో స్ప్రే కొట్టే చేయి ఎక్కడిది?

అక్కడే నాలోక్సోన్ హద్దు తెలుస్తుంది. నగరం మందు పంచింది. ఆ మందు వాడటానికి అవసరమైన పక్కమనిషిని మాత్రం వేరుపాటు, జైలు, నిరుద్యోగం, ఒంటరితనం ఎప్పుడో లాగేశాయి.

మందుల కంపెనీల మీద బాల్టిమోర్ కోర్టులో పోరాడి 40 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఒప్పందాలు సాధించింది. ఇప్పుడు అసలు ప్రశ్న ఆ డబ్బు ఎక్కడ ఖర్చు పెడతారన్నది. పోలీసు వ్యాన్లకా? చావులు జరిగిన వాడల్లో ఇళ్లకు, క్లినిక్‌లకు, తలుపు తట్టి పలకరించే మనుషులకా? పరిహారం ఎవరి శవాల పేరిట వచ్చిందో వాళ్ల గడపకు అది చేరాలని అడగడం దయ కోరడం కాదు, హక్కు.

వీధికి తెచ్చింది ఎవరు?

నాలోక్సోన్‌ను 1961లో కనిపెట్టారు. 1971లో అమెరికా ఆమోదించింది. పాతికేళ్లపాటు అది ఆసుపత్రి గదులు దాటలేదు. మత్తుమందు వాడేవాళ్ల చేతికి ఇస్తే ఇంకా తెగిస్తారని వాదించారు. 1996 ప్రాంతంలో షికాగోలో డాన్ బిగ్, ఆయన సహచరులు నడిపే షికాగో రికవరీ అలయన్స్ ఆ గోడ బద్దలుకొట్టింది. మత్తుమందు వాడేవాళ్లకే ఆ మందు ఇచ్చి, పక్కవాడిని ఎలా లేపాలో నేర్పింది. చట్టాలు, శాఖలు, మార్గదర్శకాలు ఏళ్ల తర్వాత వెంట నడిచాయి. డాక్టర్ చీటీ లేకుండా షాపులో నాలోక్సోన్ స్ప్రే కొనుక్కోవచ్చని ప్రభుత్వం ఆమోదించింది 2023 మార్చిలో. అంటే ఆమోదం పొందిన 52 ఏళ్లకు. అప్పుడు కూడా రెండు డోసుల పెట్టె ధర 45 డాలర్ల దగ్గర పెట్టారు. నిరుపేదకు మళ్లీ అందని పండే.

దానికన్నా ముందు ఇంకో చరిత్ర ఉంది. మన ఉద్యమాలకు అది దగ్గరి చుట్టం. 1970 నవంబర్‌లో న్యూయార్క్ సౌత్ బ్రాంక్స్‌లో ప్యూర్టోరికన్ యువకుల సంస్థ యంగ్ లార్డ్స్, బ్లాక్ పాంథర్లు, స్థానికులు కలిసి లింకన్ హాస్పిటల్‌లో కొంత భాగాన్ని ఆక్రమించారు. హెరాయిన్‌తో తమ వాడ చచ్చిపోతుంటే ఆసుపత్రి పట్టించుకోవడం లేదని, తామే చికిత్స నడుపుతామని ప్రకటించారు. అదే లింకన్ డిటాక్స్. అక్కడ మత్తు వదిలించే చికిత్సతో పాటు రాజకీయ పాఠాలు నడిచేవి. నువ్వెందుకు ఇలా అయ్యావు, నీ వాడలోకి ఈ సరుకు ఎలా వచ్చింది అని కలిసి మాట్లాడుకునేవారు. 1978లో నగర ప్రభుత్వం దాన్ని మూయించింది. ముంబయి వాడల్లో దళిత్ పాంథర్స్ పుట్టింది 1972లో. ఆ రెండు పాంథర్ల మధ్య ఉన్నది పేరు పోలిక మాత్రమే కాదు. మమ్మల్ని ఎవరో వచ్చి కాపాడతారని ఎదురుచూడం అన్న తెగింపు రెండింటిదీ.

కోత పడుతున్నది లెక్క మీద

చావులు తగ్గుతున్న వేళ అమెరికా ప్రభుత్వం ఏం చేస్తోంది? 2025 ఏప్రిల్‌లో ఆరోగ్య శాఖలో భారీగా ఉద్యోగాలు తీసేసినప్పుడు, దేశంలో ఎంతమంది ఏ మత్తుమందు వాడుతున్నారో ఏటా సర్వే చేసే బృందాన్నే ఇంటికి పంపారు. 2025 జులై 24న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు, హాని తగ్గింపు పేరుతో నడిచే కార్యక్రమాలకు, పర్యవేక్షణలో మత్తుమందు వాడుకునే కేంద్రాలకు కేంద్ర నిధులు పోకూడదని చెప్పింది. న్యూయార్క్‌లో ఈస్ట్ హార్లెం, వాషింగ్టన్ హైట్స్‌లో 2021 నవంబర్ నుంచి ఆన్‌పాయింట్ సంస్థ నడుపుతున్న కేంద్రాలు అలాంటివే. అక్కడ పడిపోయిన మనిషి పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. దానికి తోడు, ఓపియాయిడ్ వ్యసనం ఉన్న పెద్దవాళ్లలో పది మందిలో నలుగురికి చికిత్స ఖర్చు భరించే మెడికెయిడ్ మీద 2025 జులై 4న సంతకమైన చట్టం భారీ కోత పెట్టింది.

సర్వే ఆగితే చావు ఆగదు, చావు కనబడటం మాత్రం ఆగుతుంది. 47.5, 35.6 అన్న రెండు అంకెలు పక్కపక్కన ఉన్నందుకే తేడా బయటపడింది. ఆ అంకెలు లేకపోతే తగ్గుదల అందరిదీ అని ఒప్పించడం ఎంత తేలిక!

మన జైలు లెక్కలో ఉన్నాం, చావు లెక్కలో లేం

ఇప్పుడు మన దేశానికి వద్దాం. ఇది అమెరికా రోగం, మనకేం సంబంధం అనుకోవడానికి లేదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో ఓపియాయిడ్లు వాడేవాళ్లు 2 కోట్ల 26 లక్షల మంది. సాయం అవసరమైన స్థితిలో ఉన్నవాళ్లు దాదాపు 77 లక్షలు. సూదులతో ఎక్కించుకునేవాళ్లు 8.5 లక్షలు. అక్రమ మత్తుమందులకు బానిసైన వాళ్లలో ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 20 మందిలో ఒక్కరు. సర్వే చేయించిన శాఖను గమనించారా? ఎస్సీల సంక్షేమం, మత్తు నివారణ రెండూ ఒకే మంత్రిత్వ శాఖ చేతిలో ఉన్నాయి. అయినా ఈ 77 లక్షల మందిలో దళితులు ఎందరో చెప్పే వరుస ఆ నివేదికలో ప్రధానంగా ఎక్కడా కనబడదు.

హెరాయిన్ దెబ్బ గట్టిగా తగిలిన పంజాబ్‌లో జనాభాలో దాదాపు 32 శాతం దళితులు. దేశంలో అంత ఎక్కువ వాటా మరే రాష్ట్రంలోనూ లేదు. వాళ్లలో అత్యధికులకు భూమి లేదు. 2017 నుంచి ఆ రాష్ట్రం ప్రభుత్వ క్లినిక్‌ల ద్వారా బ్యూప్రెనార్ఫిన్ ఇస్తోంది. మంచి పనే. కానీ ఆ క్లినిక్‌కు భూమి ఉన్నవాడి కొడుకు ఎంతమంది వస్తున్నారు, కూలీ కొడుకు ఎంతమంది వస్తున్నారు, ఎవరు మధ్యలో మానేస్తున్నారు, ఎవరు పొలం గట్టు మీద సూదితో శవమై దొరుకుతున్నారు?

జాతీయ నేర గణాంక సంస్థ దేశవ్యాప్తంగా ఓవర్‌డోస్ చావులు ఏడాదికి కొన్ని వందలే అని చూపిస్తుంది. 77 లక్షల మందికి సాయం అవసరమైన దేశంలో ఆ అంకెను నమ్మగలమా? పరువు పోతుందని ఇంటివాళ్లు గుండెపోటు అని చెబుతారు. పోస్టుమార్టంలో రసాయన పరీక్ష అన్నిచోట్లా జరగదు. పేదవాడి శవం మీద ఎవరు అంత ఖర్చు పెడతారు? ఇంకో విషయం చూడండి. అదే సంస్థ వేసే జైళ్ల నివేదికలో ఎస్సీ, ఎస్టీ వరుసలు క్రమం తప్పకుండా ఉంటాయి. ఖైదీల్లో దాదాపు ఐదో వంతు దళితులని మనకు తెలిసింది ఆ నివేదికల నుంచే. సంకెళ్లు వేసేటప్పుడు మన కులం లెక్కకు వస్తుంది. ఊపిరి ఆగినప్పుడు రాదు.

చట్టం కూడా మొదట పోలీసునే పంపుతుంది. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో వాడటమే నేరం. స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చేవాళ్లకు 64ఎ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది కానీ దాని గురించి వాడల్లో ఎందరికి తెలుసు? అదే చట్టంలోని 37వ సెక్షన్ బెయిల్‌ను గగనం చేస్తుంది. గంజాయి ఓపియాయిడ్ కాదు, ఓవర్‌డోస్ చావుల కథలో అది లేదు. కానీ చట్టం ఒకటే. విశాఖ ఏజెన్సీలో మోసుకుపోయిన ఆదివాసీ కుర్రాళ్లు ఏళ్లు జైళ్లలో మగ్గుతుంటే సరుకు యజమానులు బయట తిరగడం మన కళ్ల ముందున్నదే. మత్తు మీద యుద్ధం అన్న మాట ఎప్పుడు విన్నా, ఆ యుద్ధంలో పట్టుబడే సైనికులు ఎవరో అడగాలి.

నాలోక్సోన్ మన అత్యవసర మందుల జాతీయ జాబితాలో ఉంది. ధర కూడా పెద్దది కాదు. వాడేవాళ్ల చేతికి, వాళ్ల ఇంటివాళ్ల చేతికి, ఆశా కార్యకర్తల సంచిలోకి దాన్ని చేర్చే దేశవ్యాప్త పథకం లేదు.

లెక్క అడుగుదాం

1932లో లోథియన్ కమిటీలో సభ్యుడిగా ఉన్న అంబేద్కర్ ఎక్కువగా పోరాడింది ఒక సంఖ్య కోసం. కొన్ని రాష్ట్రాల్లో సవర్ణ నాయకులు తమ దగ్గర అంటరానివాళ్లే లేరని, ఉన్నా కొద్దిమందేనని వాదించారు. లెక్కలో లేకపోతే హక్కులో ఉండమని బాబాసాహెబ్‌కు తెలుసు. తెలంగాణ 2024లో ఇంటింటికీ పోయి కులాల లెక్క తీసి, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం అని చెప్పింది. రాబోయే జనగణనలోనూ కులం అడుగుతామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. తలలు లెక్కపెట్టడం దగ్గరే అది ఆగిపోకూడదు. ఎవరు ఏ జబ్బుతో ఏ వయసులో పోతున్నారో, ఎవరికి చికిత్స అందిందో, ఎవరికి అందలేదో కులం వారీగా చెప్పాలి.

విద్యార్థి సంఘాలు, హక్కుల సంఘాలు ఇక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ప్రతి జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో నాలోక్సోన్ ఉందా? డి-అడిక్షన్ కేంద్రంలో గత ఏడాది చేరినవాళ్లలో ఎస్సీ, ఎస్టీలు ఎందరు? ఎన్‌డీపీఎస్ కేసుల్లో విచారణ ఖైదీలుగా ఉన్న మన పిల్లల్లో వాడేవాళ్లు ఎందరు, వాళ్లలో 64ఎ కింద చికిత్సకు పంపింది ఎందరిని? ఈ మూడు ప్రశ్నలకు సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు చాలు. జవాబు వస్తే చేతిలో ఆధారం ఉంటుంది. మా దగ్గర ఆ లెక్క లేదని రాస్తే, ఆ మాటే మన మొదటి ఆధారం.

పెన్ నార్త్ కూడలిలో ఆ ఉదయం కూలిపోయినవాళ్ల పక్కన మనుషులున్నారు, వాళ్ల చేతిలో మందు ఉంది. ఆ మందు అక్కడిదాకా రావడానికి దశాబ్దాల కొట్లాట పట్టింది. మన వాడలో ఒక కుర్రాడు పడిపోయిన రోజు పక్కన ఎవరుంటారు, వాళ్ల చేతిలో ఏముంటుంది అన్నది ఇప్పుడే తేల్చుకోవాల్సిన సంగతి.